నీటి లెక్కతో స్పెయిన్ వైన్: నేలను చూసి సీసాను ఎంచుకోవడం ఎలా

తెలుగు ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు దొరికినంత తేలిగ్గా వైన్ దొరకదు. హైదరాబాదులోనో విశాఖలోనో పెద్ద దుకాణానికి వెళ్లినవారికి, లేదా డాలస్‌లో, లండన్‌లో స్థిరపడి వారానికోసారి సరుకులకు సూపర్‌మార్కెట్‌కు వెళ్లేవారికి మాత్రం స్పెయిన్ సీసాలు ఒక అర నిండా కనబడతాయి. అక్కడ ఇంకో చిక్కు ఎదురవుతుంది. సీసా మీద ద్రాక్ష రకం పేరు చాలాసార్లు ఉండదు. ఒక ఊరి పేరో, నది పేరో, కొండల నడుమ ఉన్న ఒక ప్రాంతం పేరో ఉంటుంది. ఆ పేరు ఏ నేలను చెబుతోందో తెలియకపోతే ధరను చూసో, లేబుల్ అందాన్ని చూసో కొనడమే మిగులుతుంది.

నేనూ చాలాకాలం అలాగే కొన్నాను. తరువాత ఒక చిన్న పద్ధతి అలవాటైంది: సీసా చేతిలోకి తీసుకోగానే ‘ఈ తీగకు నీళ్లు ఎక్కడివి?’ అని ప్రశ్నించుకోవడం. తీగను నేలకు ఎంత ఎత్తున పాకించాలన్న దగ్గర నుంచి రెండు మొక్కల మధ్య ఎంత దూరం వదలాలన్న దాకా, స్పెయిన్ ద్రాక్ష రైతు తీసుకునే నిర్ణయాల్లో ఎక్కువ వాటికి మూలం నీరే. ఎక్కువైన చోట దాన్ని వదిలించుకోవాలి, తక్కువైన చోట దాచుకోవాలి. వర్షాధారపు సేద్యాన్ని చూస్తూ పెరిగినవారికి ఈ లెక్క కొత్తది కాదు గనుక, ద్రాక్ష రకాల జాబితాను బట్టీ పట్టడం కంటే ఈ దారిన వెళ్లడం మనకు సులువు. తడి బాగా ఉన్న మూల నుంచి బయలుదేరి, వాన మొహం అరుదుగా చూసే ఒక దీవి దాకా, ఏడెనిమిది సీసాలతో రెండు మూడు నెలల్లో తొందర లేకుండా చేయదగిన పని ఇది.

ముందుగా పటం పరచండి

సీసా కొనకముందే స్పెయిన్ భౌతిక పటం, అంటే కొండలను, నదులను రంగుల్లో చూపే పటం, ఒకటి దగ్గర పెట్టుకోండి. దేశం మధ్య భాగమంతా ఎత్తైన పీఠభూమి అని, దాన్ని స్పానిష్‌లో ‘మెసేతా’ అంటారని, రాజధాని మాడ్రిడ్ సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉందని గమనించండి. ఈ పీఠభూమికి అంచుల్లో కొండల వరుసలున్నాయి. అట్లాంటిక్ మీద నుంచి వచ్చే మేఘాలు వాయవ్య మూలన, ఉత్తరపు అంచున బరువు దించుకొని, లోపలికి వచ్చేసరికి తేలికైపోతాయి. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద కురిసి, ఇవతల దక్కనుకు మిగిలిందే ఇచ్చినట్టు అనుకుంటే ఈ బొమ్మ వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు పెన్సిలుతో ఆరు చోట్ల గుర్తు పెట్టండి. వాయవ్యాన గలీసియా, ఉత్తరాన ఎబ్రో నది పక్కన రియోహా, దానికి నైరుతిగా దుయేరో నది లోయ, తూర్పున బార్సిలోనాకు కాస్త దిగువన తర్రగోనా వెనుక కొండల్లో ప్రియోరాత్, దక్షిణపు కొసన కాదిస్ దగ్గర హెరెస్, చివరిది ఆఫ్రికా తీరానికి దగ్గరగా ఉన్న కనరీ దీవుల్లోని లాన్సరోతె. ఒక్కో గుర్తు పక్కన మూడు మాటలు రాసుకోండి: వాన ఎంత, ఎత్తు ఎంత, నేల ఏది. పోలికకు అనంతపురం జిల్లాను కొలబద్దగా పెట్టుకోవచ్చు. అక్కడ ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నాపరాతి నేలలో పండిన ద్రాక్షకు నాపరాతి రుచి వస్తుందని కొందరు అమ్మకందారులు చెబుతారు. వేరు రాతిని కరిగించుకొని కాయలో నింపదు. నేల చేసే పని వేరు: నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది, వేడిని ఎంత దాచుతుంది, వేరును ఎంత లోతుకు పోనిస్తుంది అన్నవే కాయ పరిమాణాన్ని, పులుపును, తీపిని నిర్ణయిస్తాయి. ‘రాతి రుచి’ అన్న మాటను వర్ణనగా తీసుకోండి, వివరణగా కాదు.

లేబుల్‌ను వెనక్కి తిప్పండి

సీసా ముందు వైపు అలంకారం కోసం. సమాచారం వెనుక ఉంటుంది. ‘దెనొమినసియోన్ దె ఒరిహెన్’ అనే మాటలు గానీ, డి.ఓ. అనే పొడి అక్షరాలు గానీ కనబడితే, ఆ ప్రాంతపు నియంత్రణ మండలి ఒప్పుకున్న ద్రాక్షతో, ఆ మండలి నియమాల ప్రకారం తయారైందని అర్థం. దీనికి పైమెట్టు అయిన ‘కలిఫికాదా’ హోదా రెండు ప్రాంతాలకే ఉంది: 1991లో పొందిన రియోహాకు, ఆ తరువాత పొందిన ప్రియోరాత్‌కు.

రియోహా సీసాల వెనుక మండలి అతికించే చిన్న ముద్ర ఉంటుంది. దాని రంగును బట్టి లోపలిది ఎంత కాలం నిలవ ఉన్నదో దుకాణంలో నిలబడే చెప్పవచ్చు. ఆకుపచ్చ ముద్ర ఉన్న సీసాకు నిలవ విషయంలో నిబంధన లేదు. సాధారణంగా లేత వైన్ అయి ఉంటుంది. ఎరుపు ముద్ర క్రియాన్సాది. ఎర్ర వైన్ అయితే కనీసం రెండేళ్లు, అందులో ఏడాది ఓక్ పీపాలో గడిపి ఉండాలి. ముదురు ఊదా ఎరుపు ముద్ర రెసెర్వాది. మూడేళ్లు, అందులో కనీసం ఒక ఏడు పీపాలో. నీలం ముద్ర గ్రాన్ రెసెర్వాది. అయిదేళ్లు, అందులో కనీసం రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. ఎక్కువ కాలం నిలవ ఉన్నదే ఎక్కువ మంచిదని అనుకోకండి. నేలను తెలుసుకోవడమే పని అయినప్పుడు పీపా వాసన అడ్డు వస్తుంది కాబట్టి, మొదట క్రియాన్సాను దాటి పోనవసరం లేదు.

చల్లదనం, కొలత, నోటుపుస్తకం

ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద తాగాలన్న మాట చలిదేశాల గదులను ఉద్దేశించి పుట్టింది. మే నెలలో మన ఇంట్లో గది ఉష్ణోగ్రత అంటే 34 డిగ్రీలు. ఆ మాటను నమ్మి నేను మొదటిసారి ఇచ్చిన రియోహా, వచ్చిన బంధువులకు గోరువెచ్చని కషాయంలా తోచింది. తప్పు వారిది కాదు. ఎర్ర వైన్‌ను ఫ్రిజ్‌లో ఉంచి, 16 నుంచి 18 డిగ్రీల మధ్య పోయండి. తెల్ల వైన్‌కు 8 నుంచి 10 డిగ్రీలు సరిపోతాయి. మరీ మంచులా చల్లబరిస్తే వాసన పూర్తిగా అణగిపోతుంది.

ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లకు మించి పోయవద్దు. 750 మిల్లీలీటర్ల సీసా ఆ లెక్కన పదిహేను మందికి వస్తుంది. నలుగురైదుగురు కూర్చుంటే ఒకే సాయంత్రం రెండు మూడు సీసాలు పోల్చి చూడవచ్చు, మిగిలినది మూత బిగించి దాచవచ్చు. పుస్తకంలో అయిదు మాటలు చాలు: రంగు, వాసన, పులుపు, వగరు, చిక్కదనం. ‘టానిన్’ అని పుస్తకాలు చెప్పేది మన వగరే. పచ్చి అరటికాయ కొరికినప్పుడు చిగుళ్ల మీద కలిగే బిగువును గుర్తు చేసుకోండి.

వానల మూల నుంచి మొదలుపెట్టండి

మొదటి సీసా గలీసియాలోని రియాస్ బైషాస్ ప్రాంతపు అల్బరీన్యో, అంటే ఆ పేరు గల తెల్ల ద్రాక్ష వైన్. ఇక్కడ సముద్రం భూమిలోకి వేళ్లలా చొచ్చుకొని వస్తుంది. ఆ పాయలనే ‘రియాస్’ అంటారు. ఏడాదికి సుమారు 1600 మిల్లీమీటర్ల వాన, అంటే అనంతపురానికి దాదాపు మూడింతలు, గ్రానైటు చితికి ఏర్పడిన ఇసుక నేల మీద కురుస్తుంది. ఆ ఇసుక నీటిని నిలవనివ్వదు. అదే అక్కడి తీగకు రక్ష. లేకపోతే వేళ్లు కుళ్లిపోతాయి.

అయినా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బూజు తెగుళ్ల బెడద తప్పదు. అందుకే రైతులు తీగను నేల మీద పాకనివ్వకుండా, గ్రానైటు రాతి కడీలు పాతి, వాటి మీద పందిరి వేసి ఎక్కిస్తారు. కింద నుంచి సముద్రపు గాలి ఆడి గుత్తులను ఆరబెడుతుంది. కోత మనిషి తల పైకెత్తి కోయాలి. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఇ-షాహీ ద్రాక్షను పందిళ్ల మీద పెంచిన తోటలు చూసినవారికి ఈ దృశ్యం చిరపరిచితంగా ఉంటుంది.

గ్లాసులో పోసి వెలుతురులో చూడండి: లేత గడ్డి రంగు. వాసనలో నిమ్మతొక్క, పండిన పీచ్. నాలుక అంచుల మీద చురుక్కుమనే పులుపు, చివర ఉప్పదనం లాంటి ఒక ఛాయ. ఎండ తక్కువగా, చల్లగా ఉన్న చోట కాయలో పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది. గలీసియావారు దీన్ని ఆల్చిప్పలతో, ఉడికించిన ఆక్టోపస్‌తో తాగుతారు. మన ఇంట్లో కారం తగ్గించి వేయించిన చేప దీనికి బాగా కుదురుతుంది. వైన్ కొనేటప్పుడు కోత సంవత్సరం చూసి, రెండేళ్లకు మించని సీసానే తీసుకోండి.

వీలైతే గలీసియాలోనే లోపలికి, సిల్, మీన్యో నదుల లోయలకు వెళ్లి, రిబెయిరా సాక్రా ఎర్ర వైన్ కూడా ఒకటి వెతకండి. అక్కడ ద్రాక్ష పేరు మెన్సీయా. నదిలోకి దాదాపు నిటారుగా దిగే పలకరాతి గట్ల మీద మెట్లుగా కట్టిన తోటలవి. యంత్రం నిలబడదు, కోసిన బుట్టలను పైకి చేర్చడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండ్లు వాడుతారు. ఎరుపే అయినా తేలికైన వైన్ కాబట్టి 14 డిగ్రీల దాకా చల్లబరచవచ్చు.

ఒకే ద్రాక్షను రెండు నదుల దగ్గర రుచి చూడండి

స్పెయిన్ ఎర్ర ద్రాక్షలో పేరున్నది తెంప్రనీయో. ‘తెంప్రానో’ అంటే తొందరగా అని. మిగతా రకాల కంటే ముందే పండుతుంది కనుక ఆ పేరు. అదే ద్రాక్షను దుయేరో లోయలో తింతో ఫినో అని, లా మంచాలో సెన్సిబెల్ అని, కతలోనియాలో కుందేలు కన్ను అనే అర్థంలో ఉల్ దె ల్యెబ్రె అని పిలుస్తారు. ఒకే వంకాయకు ఊరికో పేరు ఉన్నట్టే. పేర్లు మారితే రకాలు మారాయని భ్రమపడవద్దు.

రియోహా క్రియాన్సా ఒకటి, రిబేరా దెల్ దుయేరో క్రియాన్సా ఒకటి, ఒకే కోత సంవత్సరానివి, దాదాపు ఒకే ధరవి కొనండి. రెండింటికీ కాగితం చుట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లో మరొకరి చేత పోయించుకోండి. ఈ పోలిక ఈ మొత్తం పద్ధతికి గుండెకాయ లాంటిది.

రియోహాకు ఉత్తరాన కంతాబ్రియా కొండల వరుస గోడలా నిలబడి అట్లాంటిక్ చలిగాలిని, వానను చాలావరకు ఆపుతుంది. ఎబ్రో నది వెంట తూర్పు నుంచి మధ్యధరా వెచ్చదనం పైకి వస్తుంది. ఈ రెండింటి నడుమ, బంకమట్టీ సున్నమూ కలిసిన నేలల్లో, తెంప్రనీయో నెమ్మదిగా పండుతుంది. వైన్ మెత్తగా, ఎర్రటి పండ్ల వాసనతో ఉంటుంది. దాంతోపాటు వెనిల్లా, ఎండుకొబ్బరి వాసన తగిలితే అది నేలది కాదు, అమెరికన్ ఓక్ పీపాది. ఈ పీపాల అలవాటు వెనుక ఒక తెగులు కథ ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరుపేను ఫ్రాన్స్ తోటలను నాశనం చేసినప్పుడు, బోర్దో వ్యాపారులు సరుకు కోసం కొండలు దాటి వచ్చారు. 1863 నాటికే రైలు వచ్చిన హారో పట్టణం వారికి కేంద్రమైంది. స్టేషను చుట్టూ పుట్టిన వైన్ కార్ఖానాల పేట ఇప్పటికీ ఉంది. 225 లీటర్ల పీపా వాడకం వారి పద్ధతుల వల్లే అక్కడ పాతుకుపోయింది.

దుయేరో లోయకు సముద్రం దగ్గర లేదు. తోటలు సుమారు 750 నుంచి 1000 మీటర్ల ఎత్తున ఉంటాయి. ‘తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం’ అని ఆ లోయ ఉన్న కస్తీల్య ప్రాంతంవారి సామెత. వేసవిలో పగలు మాడ్చే ఎండ, రాత్రికి పగటికంటే 20 డిగ్రీల దాకా తగ్గిపోయే వేడి. పగటి ఎండకు తొక్క మందమై రంగు, వగరు పెరుగుతాయి. రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. అందుకే రెండో గ్లాసు రంగు సిరాలా ముదురుగా, వగరు పిడికిలి బిగించినట్టుగా తోచాలి. ఆలస్యంగా పడే మంచు ఈ లోయకు నిత్య భయం. 2017 ఏప్రిల్ చివర ఒక్క రాత్రి మంచుకు లోయ పొడవునా లేత చిగుళ్లు మాడిపోయాయి. సీసా మీద ఆ సంవత్సరం కనబడితే అది తక్కువ పంట నుంచి వచ్చిందని గుర్తుంచుకోండి.

రెండింటినీ గుర్తుపట్టలేకపోతే నిరాశపడవద్దు. గ్లాసులో ఉంచి అరగంట తరువాత మళ్లీ చూడండి. రిబేరా గాలి తగిలాకే విప్పారుతుంది. తిండి విషయంలో మాత్రం ఒక హెచ్చరిక: వగరు ఎక్కువున్న ఎర్ర వైన్ పక్కన మిరపకారం ఉంటే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. గోంగూర మాంసంతో ఈ ప్రయోగం నేను మళ్లీ చేయను. అక్కడివారు గొర్రెపిల్ల మాంసాన్ని ఎండిన ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద ఉప్పుతో మాత్రమే కాలుస్తారు.

పలకరాతి కొండకు వెళ్లండి

ప్రియోరాత్‌కు ఆ పేరు 12వ శతాబ్దంలో స్థాపించిన స్కాలా దెయ్ మఠం వల్ల వచ్చింది. ‘దేవుని నిచ్చెన’ అని ఆ మఠం పేరుకు అర్థం. నేలను ‘లికొరేయా’ అంటారు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలక గుర్తుందా, అదే జాతి నల్లరాయి, అభ్రకపు మెరుపుతో, పొరలు పొరలుగా నిలువునా చీలి ఉంటుంది. పైన మట్టి పొర దాదాపు ఉండదు. నీరు ఆ చీలికల్లోంచి దిగిపోతుంది. తీగ వేరు దాన్ని వెంటాడుతూ మీటర్ల కొద్దీ లోపలికి పోతుంది. పైన ఎండకు కాలిన నల్లరాయి రాత్రి కూడా వేడిని వదులుతుంది. ఫలితంగా గర్నాచా, కరిన్యేనా ముసలి తీగలు ఒక్కోటి కిలో ద్రాక్ష ఇవ్వడమే గగనం. ఇచ్చిన కాస్తా తేనెంత చిక్కగా ఉంటుంది.

వేరుపేను వచ్చిపోయాక ఈ ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1980ల చివర రెనె బార్బియె, ఆల్వరో పలాసియోస్ తదితర కొద్దిమంది వచ్చి పాత తోటలను పట్టుకోకపోతే ఈ పేరు మనదాకా వచ్చేది కాదు. వారి తొలి ఉమ్మడి కోత 1989ది. ధర ఎక్కువే కాబట్టి సీసాను ముగ్గురు నలుగురు కలిసి కొనండి. మద్యం శాతం 14.5, 15 దాకా ఉంటుంది. వెడల్పు గ్లాసులో, కాస్త చల్లగా, కొద్దిగా పోయండి. ఈ వేడి మనకు పడదనుకుంటే మానేసి ముందుకు వెళ్లవచ్చు.

హెరెస్‌కు ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి

ఇక్కడి వైన్ పేరు షెర్రీ. అది హెరెస్ పట్టణపు అరబ్బీ పేరు ‘షెరీష్’ నుంచి వచ్చిన ఇంగ్లీషు పలుకుబడి. తియ్యటి మందు అన్న అపోహతో చాలామంది దీన్ని దాటేస్తారు. నా మటుకు నాకు స్పెయిన్ వైన్‌లలో ఇంత తెలివైనది ఇంకోటి లేదు.

నేల దగ్గర నుంచి చూడండి. హెరెస్, సాన్‌లూకర్ దె బర్రమేదా, ఎల్ పుయెర్తో దె సాంత మరియా పట్టణాల మధ్య ఉన్న తెల్లటి సున్నపు నేలను ‘అల్బరీసా’ అంటారు. వేసవిలో దాని మీద కళ్లు నిలవవు, అంత తెలుపు. వాన ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, అంటే అనంతపురం కంటే కొంచెమే ఎక్కువ. అయితే అది చాలావరకు శరత్తు నుంచి వసంతం లోపే కురిసిపోతుంది. కాయ పెరిగే మండు వేసవిలో చుక్క పడదు. కాబట్టి శీతాకాలపు నీటిని వేసవికి దాచాలి. కోత అయిపోగానే రైతులు వరుసల మధ్య మట్టిని గట్లుగా లాగి, వాలు మీద దీర్ఘచతురస్రపు గుంతలు తీస్తారు. ఆ పనికి ‘అసెర్పియా’ అని పేరు. అవి అచ్చంగా మన ఇంకుడు గుంతలే. వాన నీరు వాలున జారిపోకుండా వాటిలో నిలిచి, స్పాంజి లాంటి ఆ సున్నపు మట్టిలోకి దిగుతుంది. వసంతంలో గుంతలు పూడ్చి చదును చేస్తారు. ఎండలు ముదిరాక పైపొర పెచ్చు కట్టి గట్టిపడి, లోపలి తడికి మూత వేస్తుంది. నీళ్లు పెట్టకుండానే పాలోమీనో అనే ఇక్కడి తెల్ల ద్రాక్ష తీగ పచ్చగా నిలబడేది ఆ దాచిన తడి వల్లే.

ఇక గాలులు. తూర్పు నుంచి వచ్చే ‘లెవాంతె’ పొడిగా, వేడిగా వీస్తుంది; పడమటి సముద్రం మీద నుంచి వచ్చే ‘పొనియెంతె’ తేమ తెస్తుంది. ‘బొదేగా’ అనే నిలవ శాలలను ఎత్తైన కప్పులతో, పడమటి గాలి లోపలికి వచ్చేలా పెట్టిన కిటికీలతో కట్టారు. మట్టి నేల మీద నీళ్లు చల్లి చల్లదనం నిలుపుతారు. ఈ తేమ ఎందుకంటే ‘ఫ్లోర్’ కోసం. 15 శాతం మద్యం ఉన్న వైన్‌ను పీపాలో అంచుదాకా నింపకుండా, ఆరింట ఒక వంతు ఖాళీ వదిలితే, పైన ఈస్టు కణాలు పాల మీద మీగడలా తెల్లటి పొర కడతాయి. ఆ పొర గాలి తగలకుండా కాపాడుతుంది, వైన్‌లోని గ్లిసరిన్‌ను తినేసి పూర్తిగా తీపి లేకుండా చేస్తుంది. ఇలా తయారైనది ఫినో. సముద్రపు ఒడ్డునే ఉన్న సాన్‌లూకర్‌లో తేమ ఎక్కువ గనుక పొర ఏడాది పొడవునా మందంగా ఉంటుంది. అక్కడి వైన్‌ను మన్సానియా అంటారు. మద్యం 17 శాతానికి పెంచితే పొర బతకదు. గాలి తగిలి వైన్ గోధుమ రంగుకు తిరిగి, అక్రోటు వాసనతో ఒలొరోసో అవుతుంది.

పీపాలను వరుసలుగా పేర్చి, అన్నింటికంటే పాత వరుస అయిన ‘సొలేరా’ నుంచి కొంత తీసి సీసాల్లో నింపుతారు. ఆ ఖాళీని దాని పై వరుసతో, దాన్ని ఇంకా పై వరుసతో భర్తీ చేస్తారు. నిన్నటి పెరుగు తోడుతో నేటి పాలను తోడుపెట్టినట్టు, పాత వైన్ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. అందుకే ఈ సీసాల మీద మామూలుగా కోత సంవత్సరం ఉండదు. ఉండకపోవడం లోపం కాదు.

చేయవలసిన పని: ఫినో లేదా మన్సానియా ఒక సగం సీసా, అంటే 375 మిల్లీలీటర్లది, ఒలొరోసో మరొకటి తెచ్చుకోండి. ఫినోను 7 నుంచి 9 డిగ్రీలకు, ఒలొరోసోను 12 నుంచి 14 డిగ్రీలకు చల్లబరచండి. మొదటి గుక్కకే తీర్పు చెప్పకండి. మొదటిసారి అది పచ్చి బాదంలా, తడి పిండిలా, ఉప్పు గాలిలా వింతగా తోస్తుంది. ఉప్పు వేసి వేయించిన జీడిపప్పో, నూనెలో వేగిన చిన్న రొయ్యలో నోట్లో వేసుకొని రెండో గుక్క తాగండి. అప్పుడు కుదురుతుంది. తెరిచిన ఫినోను ఫ్రిజ్‌లో ఉంచి వారంలోగా పూర్తి చేయాలి. ఒలొరోసో నెలకు పైగా చెడదు. దుమ్ము పట్టి అర మీద ఎండలో నిలబడిన ఫినోను ఎంత చవకకు ఇచ్చినా కొనకండి.

చివరకు, వాన లేని చోటికి

దారిలో మాడ్రిడ్‌కు దక్షిణాన లా మంచా వస్తుంది. సుమారు 700 మీటర్ల ఎత్తున, కనుచూపు మేర చదునైన మైదానం. వాన అనంతపురం కంటే తక్కువ. అందుకే పాత తోటల్లో మొక్కకు మొక్కకు రెండున్నర మీటర్ల దూరం వదిలి, ఊతకర్ర లేకుండా, నేలకు దగ్గరగా పొదలా పెంచుతారు. ఆ మొక్క ఆకులే దాని పాదుకు గొడుగు. ద్రాక్షకు నీరు పెట్టడం మీద ఉన్న నిషేధాన్ని స్పెయిన్ 1996లో ఎత్తేసింది. అప్పటిదాకా దూరమే వారి నీటిపారుదల. ఇక్కడి అయిరెన్ తెల్ల ద్రాక్షలో ఎక్కువ భాగం బ్రాందీకి పోతుంది. చవకైన, నిజాయితీ గల ఒక సెన్సిబెల్ ఎర్ర సీసా కొని, పైన చెప్పిన రియోహా పక్కన పెట్టి చూడండి, చాలు.

చివరి సీసా లాన్సరోతె దీవిలోని లా హెరియా ప్రాంతపు మల్వసీయ. ఇది మన దుకాణాల్లో దొరకదు. యూరప్‌లో ఉన్న తెలుగువారు సులువుగా తెప్పించుకోవచ్చు, లేదా ప్రయాణాల్లో ఎవరైనా తేవాలి. 1730 నుంచి 1736 దాకా ఆరేళ్ల పాటు అగ్నిపర్వతాలు బద్దలై, మంచి పొలాలను నల్లటి బూడిద రవ్వ కింద పాతేశాయి. వాన ఏడాదికి 150 మిల్లీమీటర్లు. రైతులు ఒక సంగతి గమనించారు: ఆ నల్ల రవ్వ రాత్రి తేమను లోపలికి పోనిచ్చి, పగలు ఆవిరి కానివ్వడం లేదు. అంతే, రవ్వను గరాటు ఆకారంలో, ఒక్కోచోట మూడు మీటర్ల లోతుదాకా తవ్వి, అడుగున పాత మట్టి తగిలిన చోట ఒక్క తీగ నాటారు. ఎడతెరిపి లేకుండా ఈశాన్యం నుంచి వీచే గాలికి ఆకులు చిరిగిపోకుండా, గుంత అంచున ఆ వైపు మాత్రం అర్ధచంద్రాకారంలో సున్నం లేని రాతిగోడ పేర్చారు. ఒక్కో తీగకు ఒక్కో గుంత, ఒక్కో గోడ. పై నుంచి చూస్తే కొండవాలు అంతటా నల్లటి గిన్నెలు, ఒక్కో గిన్నె అడుగున పిడికెడు పచ్చదనం.

గుంతలోకి దిగి, వంగి, చేత్తోనే కోయాలి. బండి గానీ నాగలి గానీ దిగదు. 2025 దాకా కనరీ దీవుల్లో ఎక్కడా వేరుపేను కనబడలేదు కాబట్టి అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే తీగ నిలబడుతుంది. కోత తరచుగా జూలై చివరనే మొదలై, యూరప్ మొత్తంలో ముందుగా పూర్తయ్యే కోతల్లో ఒకటవుతుంది. ధర ఎక్కువని ఫిర్యాదు చేసే ముందు ఆ గుంతలను ఒకసారి తలచుకోండి.

దీన్ని 10 డిగ్రీల దగ్గర పోసి, మొదటి వారం రాసుకున్న అల్బరీన్యో పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. రెండూ తెల్లవే, రెండింటి పక్కనా అట్లాంటిక్ సముద్రమే. ఒకచోట వాన నుంచి గుత్తిని కాపాడడానికి తీగను పందిరి ఎక్కించారు, మరోచోట మంచు చుక్క కోసం గోతిలోకి దించారు. పులుపు ఏ గ్లాసులో సూటిగా ఉంది, చిక్కదనం ఏ గ్లాసులో ఉంది, ఉప్పు ఛాయ రెండింటిలోనూ తగిలిందా అన్నది ఈసారి మీ మాటల్లోనే రాసుకోండి.